క్రైమ్ థ్రిల్లర్‌లో మొదటి అనుమానం ఎవరి మీద పడుతోంది?

వెన్నెలదారి | శనివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి మా తమ్ముడితో కలిసి ఒక థ్రిల్లర్ చూశాను. చూడనివాళ్లు ఉంటారు కాబట్టి పేరు చెప్పను. హత్య జరిగిన ఇంట్లో అయిదుగురు ఉంటారు: యజమాని, ఆయన భార్య, కొడుకు, కొడుకు స్నేహితుడు, ఇంట్లో పని చేసే మనిషి. ఆ పనిచేసే అతనికి మాట తడబడుతుంది, ముఖం మీద పాత కాలిన మచ్చ. అతను తెర మీదకి వచ్చిన మొదటి షాట్‌లోనే మ్యూజిక్ మారింది. తలుపు సందులోంచి చూస్తున్నాడు, అంతే. మా తమ్ముడు "వీడే అక్కా" అన్నాడు. రెండు నిమిషాలు ఆగి, "కాదులే, వీడైతే మరీ తేలిక. మనల్ని పక్కదారి పట్టించడానికి పెట్టారు" అన్నాడు.

వాడు రెండోసారి అన్నదే నిజమైంది. అతను నిర్దోషి. కానీ సినిమా అయిపోయేసరికి ఆ నిర్దోషి గురించి మనకి ఏమీ తెలియదు. పేరు ఒక్కసారి వినిపించింది. స్టేషన్‌లో కొట్టిన తర్వాత ఏమయ్యాడో చూపించలేదు. మనం కాసేపు అనుమానించడానికి ఒక ముఖం కావలసి వచ్చింది, ఆయన ముఖం వాడుకున్నారు.

వైవిధ్యం, ప్రాతినిధ్యం అనగానే మనం తలలు లెక్కపెడతాం. ఆడవాళ్లు ఎందరు, నల్లజాతివాళ్లు ఎందరు, వైకల్యం ఉన్నవాళ్లు ఎందరు అని. క్రైమ్ థ్రిల్లర్‌కి ఆ లెక్క చాలదని నాకు అనిపిస్తోంది. ఈ కథలు నడిచేదే అనుమానంతో. ఆ అనుమానం ముందుగా ఎవరి మీదకి పోతోంది, ఎవరి జోలికి అసలు పోదు? మీకు తోచిన సినిమాలు చెప్పండి. ముగింపు బయటపెట్టేటట్టయితే ముందుగా ఒక మాట రాయండి.


రీలుబండి | శనివారం, ఉదయం 10:47

వెన్నెల గారూ, మీరు చెప్పిన సినిమా బలహీనమైన సినిమా. ఆ తప్పు జానర్ మీద వెయ్యకండి. థ్రిల్లర్ పనే ప్రేక్షకుణ్ని దారి తప్పించడం. దానికి ఎవరో ఒకరి మీద అనుమానం రావాలి. డాక్టర్ని చూపిస్తే డాక్టర్లు, లాయర్ని చూపిస్తే లాయర్లు, ఎవరికి వాళ్లు "మమ్మల్నే ఎందుకు" అని అడగొచ్చు. అలా అందరి మనసూ చూసుకుంటూ పోతే రాయడానికి కథ మిగలదు.

ఇరవయ్యేళ్లుగా నేను చూసేది ఎక్కువగా ఈ సినిమాలే. బిగువు సడలకపోతే పాత్ర ఏ వర్గం నుంచి వచ్చినా నాకు సంతోషమే. పెట్టాలి కాబట్టి పెట్టిన పాత్ర మాత్రం మొదటి డైలాగుకే దొరికిపోతుంది.


ఎడిటింగ్‌టేబుల్ | శనివారం, ఉదయం 11:30

రీలుబండి అన్నా, డాక్టర్ మాట మీరే ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే చెప్తాను. నేను అసిస్టెంట్ ఎడిటర్‌ని. డాక్టర్ మీద అనుమానం రప్పించాలంటే సినిమా చాలా కష్టపడాలి. ఒక అబద్ధం చెప్పించాలి, ఆ అబద్ధం బయటపడాలి, సొరుగులో ఏదో దాచినట్టు చూపించాలి. కనీసం మూడు సీన్ల పని. అదే మచ్చ ఉన్న కూలీ మనిషయితే రెండు సెకన్ల షాట్ సరిపోతుంది. మిగతా పని ప్రేక్షకుడి బుర్రలో ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. మేం దాన్ని ఊరికే వాడుకుంటాం.

నేను చేసిన ఒక సినిమాలో వాచ్‌మన్ పాత్ర ఉంది. కారు గేటు దాటుతుంది, అతను చూస్తాడు. స్క్రిప్ట్‌లో అంతే. మొదటి కట్‌లో ఆ చూపు పద్నాలుగు ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేములు కదా, అంటే సెకను కూడా లేదు. డైరెక్టర్ గారు "ఇంకొంచెం పట్టుకో" అన్నారు. నలభై ఫ్రేములు చేశాను. కింద సన్నగా ఒక గుయ్‌మనే శబ్దం వేశాం. థియేటర్‌లో జనం అక్కడ సీట్లలో ముందుకి జరిగారు.

నన్ను ఇప్పటికీ కుదిపే సంగతి ఇంకొకటుంది. నేను కలిపిన ఆ ఇరవయ్యారు ఫ్రేముల్లో ఆ నటుడు నటించనే లేదు. షాట్ అయిపోయింది, "కట్" ఎప్పుడంటారా అని డైరెక్టర్ వైపు చూస్తున్నాడు. పని చెప్పేవాళ్ల మాట కోసం ఎదురుచూస్తున్న మనిషి ముఖాన్ని తీసి హంతకుడి ముఖం చేశాను.


చీకటిగది | శనివారం, మధ్యాహ్నం 1:05

ఎడిటింగ్‌టేబుల్ గారు "ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది" అన్నారు. ఆ ఎప్పుడో అన్నదానికి తేదీలున్నాయి.

హాలీవుడ్‌లో ప్రొడక్షన్ కోడ్ అని ఒకటి ఉండేది, తెర మీద ఏం చూపించకూడదో చెప్పే నియమాల జాబితా. 1934 నుంచి గట్టిగా అమలైంది, 1968లో పోయింది. స్వలింగ ప్రేమను తెర మీద చూపించడానికి, ఆ పేరు ఎత్తడానికి కూడా వీల్లేదు. తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య ప్రేమ కూడా నిషేధమే. మరి అలాంటి పాత్ర ఉన్న నవల సినిమా అయితే ఏం చేస్తారు? 1941లో వచ్చిన 'ద మాల్టీస్ ఫాల్కన్' చూడండి. డాషియల్ హామెట్ నవలలో జోయెల్ కైరో అనే దుండగుడు స్వలింగ ప్రేమికుడని నేరుగానే ఉంటుంది. సినిమాలో ఆ మాట అనకూడదు కాబట్టి అతని విజిటింగ్ కార్డుకి గార్డేనియా పూల వాసన పెట్టారు. కార్డు చేతికి వస్తుంది, సెంటు మాట వస్తుంది, ప్రేక్షకుడికి అర్థమైపోతుంది.

దీనివల్ల ఒక చెడ్డ అలవాటు పాతుకుపోయింది. మంచివాడి పాత్రకి ఆ సూచన ఇవ్వడానికి ఎవరికీ ధైర్యం లేదు, దొంగకీ మోసగాడికీ ఇస్తే అడిగేవాడు లేడు. ముప్ఫై నాలుగేళ్లు అలా సాగేసరికి ఆ సూచనే నేరానికి గుర్తు అయి కూర్చుంది. కోడ్ పోయినా గుర్తు పోలేదు. స్వలింగ ప్రేమికుల మధ్య జరిగే హత్యల కథ 'క్రూజింగ్' తీస్తుంటే 1979లో న్యూయార్క్ వీధుల్లో నిరసనలు జరిగాయి. 'బేసిక్ ఇన్‌స్టింక్ట్' షూటింగ్‌కి 1991లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే ఎదురైంది. అదే ఏడాది హిందీలో 'సడక్' వచ్చింది. అందులో మహారాణి అనే హిజ్రా పాత్ర విలన్. సదాశివ్ అమ్రాపుర్కర్ గొప్పగా చేశారు, ఫిల్మ్‌ఫేర్ వాళ్లు విలన్ పాత్రలకి అవార్డు మొదలుపెట్టినప్పుడు మొదటిది ఆయనకే వచ్చింది. ఆయన నటనకి నేను దణ్ణం పెడతాను. కానీ ఆ రోజుల్లో తెర మీద హిజ్రా పాత్ర అంటే ఒకటి నవ్వుకి, లేదంటే భయానికి. మూడోది చూసిన గుర్తు నాకు లేదు.


నల్లకోటు | శనివారం, మధ్యాహ్నం 3:20

(ముగింపు చెప్తున్నాను. 'మెమరీస్ ఆఫ్ మర్డర్' చూడనివాళ్లు ఈ పోస్ట్ వదిలెయ్యండి.)

నేను కోర్టుల్లో తిరిగే మనిషిని, నా దృష్టి అటే పోతుంది. బోంగ్ జూన్ హో తీసిన 'మెమరీస్ ఆఫ్ మర్డర్' 2003లో వచ్చింది. కొరియాలో 1986 నుంచి 1991 దాకా జరిగిన వరుస హత్యల మీద తీశారు. అందులో డిటెక్టివ్ పాక్ తన కళ్ల మీద గట్టి నమ్మకం ఉన్నవాడు, ముఖం చూస్తే నేరస్థుడో కాదో చెప్పేస్తానంటాడు. పై అధికారి ఒక పరీక్ష పెడతాడు. ఎదురుగా ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకడు అత్యాచారం చేసి దొరికినవాడు, రెండోవాడు ఆ అమ్మాయి అన్న, వాణ్ని పట్టుకొచ్చినవాడు. ఎవడు ఎవడో చెప్పు అంటాడు. పాక్ ఆ ఇద్దర్నీ అలా చూస్తూ ఉంటాడు. మనమూ చూస్తాం. జవాబు సినిమా చెప్పదు.

ఆ తర్వాత మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న ఒక కుర్రాణ్ని, ముఖం మీద కాలిన మచ్చలున్నవాణ్ని తీసుకొచ్చి ఒప్పుకోమంటారు. వాడు హత్య గురించి చెప్పేవి అన్నీ సరిపోతుంటాయి. చేసింది వాడే కాబట్టి తెలుసు అనుకుంటారు పోలీసులు. వాడు చూశాడు కాబట్టి తెలుసు అన్న ఆలోచన చాలా ఆలస్యంగా వస్తుంది. చేతిలో ఉన్న ఒకే ఒక్క సాక్షిని ముద్దాయిని చేసుకున్నారు. వాడు మళ్లీ వాళ్లకి దక్కడు.

నిజంగా జరిగింది ఇంకా ఘోరం. అసలు హంతకుణ్ని 2019లో డి.ఎన్.ఎ. ద్వారా గుర్తించారు. అప్పటికే వేరే హత్య కేసులో యావజ్జీవ శిక్షలో ఉన్నాడు. ఆ వరుసలో ఒక హత్యకి వేరే మనిషిని 1989లో పట్టుకుని శిక్ష వేశారు. పోలియో వల్ల అతని కాలు ఒకటి దెబ్బతింది. ఇరవయ్యేళ్లు జైల్లో ఉన్నాడు. 2020 డిసెంబర్‌లో నిర్దోషి అని కోర్టు చెప్పింది. సినిమా తీసేటప్పటికి అతనింకా జైల్లోనే ఉన్నాడు.

నేను మొదట్లో ఉచిత న్యాయ సహాయం కింద ఒక దొంగతనం కేసు చూశాను. ముద్దాయికి ఒక చెవి అసలు వినపడదు, రెండోది అంతంత మాత్రం. ప్రశ్న అడిగితే తల వంచుకుంటాడు. కేసు రాసినాయన "తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు" అని నాతోనే అన్నారు. అతను వినపడే చెవిని మా వైపు తిప్పుతున్నాడు.


రీలుబండి | శనివారం, సాయంత్రం 5:02

ఆ ఇద్దరు కుర్రాళ్ల సీన్ నాకూ బాగా గుర్తు. నల్లకోటు గారు ఇప్పుడు చెప్పేదాకా దాన్ని ఈ కోణంలో చూడలేదు, ఒప్పుకుంటాను. చెవి సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. ఆ సినిమా కూడా మచ్చలున్న కుర్రాణ్ని అనుమానితుడిగానే వాడుకుంది కదా? ఫలానా పని చెయ్యకూడదు అని నియమం పెట్టి ఉంటే ఆ సినిమా వచ్చేదే కాదు. ముందు మనతో తప్పు చేయించి, తర్వాత ఆ తప్పుకి ఖరీదెంతో చూపించింది. వెన్నెల గారు చూసిన సినిమా మొదటి సగం చేసి వదిలేసింది. నాకు తేడా అక్కడ కనిపిస్తోంది.

ఇంకొకటి అడుగుతాను. 'ద సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్'ని ఏ లెక్కలో వేస్తారు? ఆడ డిటెక్టివ్ పాత్రల్లో నాకు అంతకంటే ఇష్టమైనది లేదు.


వెన్నెలదారి | శనివారం, రాత్రి 8:15

"మొదటి సగం చేసి వదిలేసింది" అన్నారు చూడండి, నిన్నటి నుంచి నేను వెతుక్కుంటున్న మాట అది. థాంక్స్ అండీ.

'సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్' నాకూ ప్రాణం. 1991 సినిమా, అయిదు పెద్ద ఆస్కార్లూ గెలిచింది. మొదట్లో లిఫ్ట్ సీన్ గుర్తుందా? ఆ డిటెక్టివ్ క్లారిస్ ఒక్కతే, చుట్టూ ఎర్ర టీషర్టుల్లో ఆమె కంటే జానెడు ఎత్తున్న మగవాళ్లు. ఎవరూ ఏమీ అనరు. డైరెక్టర్ జోనథన్ డెమీ ఇంకో పని చేశాడు. క్లారిస్‌తో మాట్లాడే మగవాళ్లు నేరుగా కెమెరాలోకి చూస్తారు, క్లారిస్ మాత్రం కెమెరాకి కొంచెం పక్కకి చూస్తుంది. అంటే ఆ చూపులన్నీ వచ్చి మన మీద పడతాయి. మగ ప్రేక్షకుడు కూడా కాసేపు ఆడపిల్లయి కూర్చోవాలి. నేను మొదటిసారి చూసినప్పుడు ఎందుకో తెలియకుండా కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాను. కారణం ఏళ్ల తర్వాత అర్థమైంది.

కానీ అదే సినిమాలో హంతకుడు ఆడవేషం వేసుకుని నాట్యం చేసే సీన్ ఉంది. వాడు నిజంగా ట్రాన్స్ మనిషి కాదు అని జైల్లో ఉన్న డాక్టర్ లెక్టర్ చేత ఒక డైలాగ్ చెప్పించారు. ఆ డైలాగ్ ఎంతమందికి గుర్తుంది? ఆ నాట్యం అందరికీ గుర్తుంది. ఒక మాటతో ఒక బొమ్మని చెరిపెయ్యలేం. స్వలింగ ప్రేమికుల సంఘాలు అప్పుడే నిరసన తెలిపాయి. డెమీ 1993లో 'ఫిలడెల్ఫియా' తీశాడు, ఎయిడ్స్ వల్ల ఉద్యోగం పోయిన గే లాయర్ కథ. ఆయన మంచివాడా కాదా అన్నది నాకు ప్రశ్న కాదు. ఆడదాని మీద పడే చూపు ఎలా ఉంటుందో అంత సూక్ష్మంగా పట్టుకున్న మనిషికి, అదే సినిమాలో ఇంకొకరి మీద తను వేస్తున్న చూపు కనపడలేదు. అది నాకు భయం వేస్తుంది. నాకూ ఎక్కడో కనపడటం లేదన్నమాటే కదా.


గాలిపటం77 | శనివారం, రాత్రి 10:50

చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా అన్నయ్యకి స్కిజోఫ్రీనియా. పదకొండేళ్లుగా మందులు వాడుతున్నాడు. లెక్కలు చెప్తాడు, పిల్లలకి వాడంటే ఇష్టం. ఒకసారి ఇంట్లో అందరం కలిసి ఒక థ్రిల్లర్ పెట్టుకున్నాం. చివరి ఇరవై నిమిషాల్లో డిటెక్టివ్ హంతకుడి గదిలోకి వెళ్తాడు. గోడల నిండా పిచ్చి గీతలు, పక్కన మందు సీసాలు. సీసా మీద పేరు దగ్గరగా చూపించారు. మా అన్నయ్య వాడే మందు అది. "సైకో" అనే మాట మూడోసారి వినపడ్డాక వాడు లేచి వెళ్లి నీళ్లు తాగి తిరిగి రాలేదు. ఎవరం ఏమీ మాట్లాడలేదు. సినిమా కూడా ఆపలేదు. ఆ ఆపకపోవడం నన్ను ఇప్పటికీ తింటోంది.

మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు హింస చేసేదాని కంటే హింసకి గురయ్యేదే ఎక్కువ. డాక్టర్లు ఈ మాట ఎన్నోసార్లు చెప్పారు. థ్రిల్లర్లు చూసేవాళ్లకి అది తలకిందులుగా తెలుసు. 1960 నాటి 'సైకో' చివర్లో ఒక డాక్టర్ వచ్చి హంతకుడి మనసు గురించి పాఠం చెప్తాడు. ఆ పద్ధతి ఇంకా నడుస్తూనే ఉంది. ఎందుకు చంపాడు అంటే జబ్బు. అంతటితో రచయిత పని అయిపోయినట్టే.

ఇంకొకటి గమనించాను. 2020లో మన తెలుగులో వచ్చిన 'హిట్: ద ఫస్ట్ కేస్'లో హీరో పోలీసుకి పి.టి.ఎస్.డి., అంటే జరిగిపోయిన ఘోరం మనసుని వెంటాడే జబ్బు, ఉంటుంది. దాన్ని శ్రద్ధగానే చూపించారు, అతని వెంట మనమూ కంగారు పడతాం. అలాంటి బాధ హీరోకి ఉంటే గాయం అంటాం, విలన్‌కి ఉంటే కారణం అంటాం. మా అన్నయ్య ఆ రెండింట్లో ఏదీ కాదు. పక్కింటాయన లాంటి పాత్రలో, లెక్కలు చెప్పే మాస్టారిలా, కథతో సంబంధం లేకుండా ఒక్కసారి కనిపిస్తే చాలు నాకు.


నల్లకోటు | శనివారం, రాత్రి 11:15

తమ్ముడూ, రాసినందుకు సంతోషం. మళ్లీ రాస్తూ ఉండు.


అమ్ములు_ఆర్ | ఆదివారం, ఉదయం 9:30

నాకు చూపు చాలా తక్కువ. సినిమాలు ఎక్కువగా వింటాను, ఈ పోస్టులు కూడా ఫోన్ చదివి వినిపిస్తుంది. గాలిపటం గారి పోస్ట్ రెండుసార్లు విన్నాను.

చూపు లేని పాత్రల విషయంలో థ్రిల్లర్లని నేను పూర్తిగా తిట్టలేను. 1967లో వచ్చిన 'వెయిట్ అంటిల్ డార్క్'లో ఆడ్రీ హెప్‌బర్న్‌ది చూపు లేని పాత్ర. దుండగులు ఇంట్లోకి వస్తారని తెలిసి ఇంట్లో బల్బులన్నీ పగలగొడుతుంది. చీకట్లో వాళ్లూ తనూ సమానం. ఆ సినిమా ఆడేటప్పుడు చివరి ఘట్టానికి థియేటర్లలో దీపాలు వీలైనంత తగ్గించేవాళ్లు. అంటే హాల్లో ఉన్న అందరూ కాసేపు నా పరిస్థితిలోకి వచ్చారు. ఆమెకి ఇల్లు తెలుసు, వాళ్లకి తెలియదు. నాకు అలాంటి కథ కావాలి, నాకు తెలిసినదే ఆయుధం అయ్యే కథ.

'అంధాధున్' (2018) వేరే సంగతి. తెలుగులో 'మాస్ట్రో'గా వచ్చింది. అందులో హీరో చూపు లేనట్టు నటిస్తాడు. కథ గొప్పగా ఉంది, నేనూ ఊపిరి బిగపట్టి విన్నాను. కానీ అది వచ్చిన కొత్తలో ఒక పెళ్లిలో ఒకాయన నా ముఖం ముందు వేళ్లు ఆడించాడట, మా చెల్లెలు చెప్పింది. నిజంగా కనపడదా, నటిస్తోందా అని చూస్తున్నాడు. 'ద యూజువల్ సస్పెక్ట్స్' ముగింపు తెలిసినవాళ్లకి కుంటి నడక సంగతి కూడా గుర్తుండాలి. నటిస్తున్నవాడి కథ వందసార్లు రావచ్చు. నిజంగా ఉన్నవాళ్ల కథ దాని పక్కన కనీసం నాలుగుసార్లయినా ఉంటే, నా ముఖం ముందు ఎవరూ వేళ్లు ఆడించరు. నేను చెప్పిన పాత్రల్లో ఒక్కటి కూడా చూపు లేనివాళ్లు చెయ్యలేదు, అదీ గుర్తుపెట్టుకోండి.


మాటలమూట | ఆదివారం, ఉదయం 11:10

నేను డబ్బింగ్ మాటలు రాస్తాను. మా పనిలో అనుమానం గొంతులో ఉంటుంది.

వేరే భాష సినిమా వస్తుంది. డిటెక్టివ్‌కి, జడ్జికి, హీరోయిన్‌కి పుస్తకాల తెలుగు రాస్తాం. కత్తి పట్టుకున్నవాడికి ఒక యాస ఇమ్మంటారు. ఏ యాస అని అడిగితే "కొంచెం రఫ్‌గా ఉండాలి" అంటారు. రఫ్ అనేది ఎవరిదో ఒకరి అమ్మ మాట్లాడే భాష. నేను చాలాకాలం ఏమీ ఆలోచించకుండా రాశాను. ఒక డబ్బింగ్ ఆర్టిస్ట్ మైకు ముందు నుంచే అడిగాడు, "సార్, ఈ యాస నాది. ఇదే సినిమాలో ఇన్‌స్పెక్టర్‌కి ఈ యాసలో చెప్పనా?" అని. చెప్పనివ్వలేదు. ఆ నిర్ణయం నాది కాదు గానీ, నేనూ గట్టిగా అడగలేదు.

'విసారణై' చూశారా? వెట్రిమారన్ సినిమా, 2015లో వెనిస్‌లో ప్రదర్శించారు. ఎం. చంద్రకుమార్ తన అనుభవంతో రాసిన 'లాకప్' నవల దానికి ఆధారం. గుంటూరులో పని చేసుకునే తమిళ కూలీలని పోలీసులు పట్టుకెళ్తారు. ఎందుకు కొడుతున్నారో వాళ్లకి తెలియదు, ఎందుకంటే వాళ్లకి తెలుగు సరిగ్గా రాదు. ఎప్పుడూ మన భాష మనకి ఇంటి భాష. అందులో అది లాఠీ పట్టుకున్నవాడి భాష. తెలుగు వచ్చినవాడిగా నాకు ఆ మాటలన్నీ అర్థమవుతున్నాయి, దెబ్బలు తినేవాళ్లకి అర్థం కావడం లేదు. నేను ఎవరి పక్కన కూర్చున్నానో తెలియక చేతులు చల్లబడ్డాయి. సబ్‌టైటిల్స్‌తో చూసినవాళ్లకి ఆ బాధ పూర్తిగా అందదు.


రీలుబండి | ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఇవన్నీ చదివాక నా మనసు చాలా కదిలింది. కానీ పరిష్కారం దగ్గర మళ్లీ ఆగిపోతున్నాను. ఆస్కార్ వాళ్లు నియమాలు పెట్టారు కదా, ఫలానా వర్గాలు లేకపోతే ఉత్తమ చిత్రానికి పోటీ లేదని. అలా బయట నుంచి రుద్దితే మంచి పాత్రలు పుడతాయా?


చీకటిగది | ఆదివారం, మధ్యాహ్నం 2:25

ఆ నియమాలు చాలామంది అనుకున్నంత గట్టివి కావు అండీ. 2020లో ప్రకటించారు, 2024 వేడుక నుంచి ఉత్తమ చిత్రానికి తప్పనిసరి చేశారు. నాలుగు ప్రమాణాలుంటాయి, రెండు నెరవేరితే చాలు. తెర మీది పాత్రలకి సంబంధించినది ఆ నాలుగింట్లో ఒకటే. మిగతావి సాంకేతిక బృందం, శిక్షణ అవకాశాలు, ప్రచార విభాగం లాంటివి. తెర మీద ఒక్క పాత్ర మార్చకుండా కూడా గట్టెక్కవచ్చు. అందుకని వాటితో పాత్రలు పాడవుతాయన్న భయం నాకు లేదు, బాగుపడతాయన్న ఆశ కూడా పెద్దగా లేదు.

మంచి పాత్ర ఎలా పుడుతుందో చూడాలంటే 1967 నాటి 'ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్' చూడండి. వెన్నెల గారి ప్రశ్నకి దీనికంటే మంచి జవాబు నాకు తెలియదు. మిసిసిపీలో ఒక చిన్న ఊరు, రాత్రి హత్య జరుగుతుంది. రైల్వే స్టేషన్లో ఒక నల్లజాతి మనిషి రైలు కోసం కూర్చుని ఉన్నాడు. పర్సులో డబ్బు ఉంది. అంతే, అరెస్టు. స్టేషన్‌కి తీసుకెళ్లాక తెలుస్తుంది, ఆయన వర్జిల్ టిబ్స్, ఫిలడెల్ఫియాలో హత్య కేసులు చూసే పోలీసు. మొదటి అనుమానితుడే ఆ ఊరివాళ్లందరికంటే తెలివైన డిటెక్టివ్. శవం చేతులు పట్టుకుని ఎప్పుడు చనిపోయాడో లెక్క కడుతుంటే పక్కనున్న తెల్ల పోలీసులు అలా చూస్తుంటారు. టిబ్స్ రంగు తీసేస్తే ఆ కథలో బిగువు మిగలదు. ఎవరో పెట్టమన్నారని పెట్టిన పాత్ర కాదది.

సిడ్నీ పాటియే దక్షిణాదికి వెళ్లి షూటింగ్ చెయ్యడానికి ఇష్టపడలేదు, అక్కడ ఆయన ప్రాణానికే భయం. అందుకని ఎక్కువ భాగం ఇల్లినాయ్‌లో తీశారు. సినిమాకి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. తెల్ల పోలీస్ చీఫ్ పాత్ర వేసిన రాడ్ స్టైగర్‌కి ఉత్తమ నటుడు వచ్చింది. పాటియేకి నామినేషన్ కూడా లేదు.


ఎడిటింగ్‌టేబుల్ | ఆదివారం, మధ్యాహ్నం 2:50

దీనికి ఒక్క ముక్క కలుపుతాను. ఆ సినిమాకి కెమెరా హాస్కెల్ వెక్స్‌లర్. అప్పట్లో లైటింగ్ అంతా తెల్ల చర్మానికి సరిపడేలా చేసేవాళ్లు. పాటియే ముఖం మీద ఆ లైటు వేస్తే మెరుపులు కొట్టి కవళికలు పోతాయని ఆయన వెలుగు తగ్గించి పద్ధతి మార్చుకున్నాడు. ఆలోచించే మనిషి ముఖం కనపడాలి కదా. ముఖంలో కవళికలు కనపడకపోతే మళ్లీ మా గుయ్‌మనే శబ్దమే దిక్కు.


నల్లకోటు | ఆదివారం, సాయంత్రం 4:30

కథ ఎవరి భుజం మీద నుంచి చూస్తున్నాం అన్నది కూడా తేలాలి. 'కిల్లర్స్ ఆఫ్ ద ఫ్లవర్ మూన్' (2023) ముందు ఎఫ్.బి.ఐ. అధికారి వైపు నుంచి రాసుకున్నారు, ఆ పాత్ర డికాప్రియో చెయ్యాలి. తర్వాత స్కోర్సేసీ స్క్రిప్ట్ తిరగరాశాడు. 1920ల్లో చమురు డబ్బు కోసం అమెరికా మూలవాసులైన ఓసేజ్ తెగవాళ్లని చంపుతూ పోయిన కథ అది. పట్టుకున్న అధికారి కథ వెనక్కి పోయి, మాలీ అనే ఓసేజ్ ఆమె, ఆమెని మోసం చేసిన భర్త ముందుకొచ్చారు. లిలీ గ్లాడ్‌స్టోన్‌కి ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది, ఆ విభాగంలో నేటివ్ అమెరికన్ నటికి అదే మొదటిసారి. అయినా ఆ సినిమాకి ఓసేజ్ భాషలో సహాయం చేసిన ఒకాయన, ఇది మాలీ వైపు నుంచి చెప్పి ఉంటే బాగుండేదన్నారు. సినిమా నాకు చాలా నచ్చింది. ఆయన మాటే సరైనదని కూడా అనిపిస్తోంది. మూడున్నర గంటల సినిమాలో మనం ఎక్కువసేపు గడిపింది చంపినవాళ్లతోనే.


వెన్నెలదారి | ఆదివారం, రాత్రి 9:05

మధ్యాహ్నం తమ్ముడికి 'మెమరీస్ ఆఫ్ మర్డర్' చూపించాను, ముందు ఏమీ చెప్పకుండా. ఆ ఇద్దరు కుర్రాళ్ల సీన్ దగ్గర వాడు అలవాటుగా "ఎడమవైపు వాడు" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. మచ్చలున్న కుర్రాడు చనిపోయాక ఆపమన్నాడు. కాసేపు ఊరుకుని, "అక్కా, ఆ ఎడమవైపు వాడు అన్నయితే?" అని అడిగాడు.


ఎడిటింగ్‌టేబుల్ | సోమవారం, రాత్రి 7:40

ఇప్పుడు చేస్తున్న చిన్న సినిమాలో లిఫ్ట్ నడిపే మనిషి ఒకడున్నాడు. అనుమానితుల్లో ఒకడు, డైలాగ్ లేదు. నిన్న ఈ పోస్టులు మా డైరెక్టర్ గారికి చూపించాను. ముందు అతని షాట్ల కింద మ్యూజిక్ తీసేసి నలుగురు స్నేహితులకి చూపించాం. ఇద్దరు అయినా అతన్నే అనుమానించారు. మ్యూజిక్ ఒక్కటీ తీస్తే సరిపోదని తేలింది.

డైరెక్టర్ గారు రాత్రి కూర్చుని ఒక సీన్ రాశారు. లిఫ్ట్ ఏ అంతస్తులో ఎంతసేపు ఆగిందో అతనికి గుర్తుంటుంది, రోజంతా అతని పని అదే కదా. కేసు అక్కడ మలుపు తిరుగుతుంది. పదకొండు లైన్ల డైలాగ్. రేపు పొద్దున్నే తీస్తున్నాం. నటుడికి ఫోన్ చేసి చెప్తే రెండుసార్లు అడిగాడు, నాకేనా సార్ అని.


రీలుబండి | సోమవారం, రాత్రి 7:58

చాలా సంతోషం తమ్ముడూ. ఆ లిఫ్ట్ అతని పేరేంటి?


ఎడిటింగ్‌టేబుల్ | సోమవారం, రాత్రి 8:03

స్క్రిప్ట్‌లో 'లిఫ్ట్‌మ్యాన్' అనే ఉంది అన్నా. ఇప్పుడే డైరెక్టర్ గారికి ఫోన్ చేస్తున్నాను.